‘జాన్స్ టు లీవ్’ ఎందుకు తప్పో సరే, వెళ్ళేదెవరో చూశారా?

‘జాన్స్ డెసిషన్ టు లీవ్’ కరెక్టయినప్పుడు ‘జాన్స్ టు లీవ్’ ఎందుకు తప్పు, అపాస్ట్రఫీ ఎస్ తర్వాత టు ఎప్పుడు వస్తుంది అని కదా మీ ప్రశ్న. దీనికి జవాబు చిన్నదే. అపాస్ట్రఫీ ఎస్‌కి వెనకాల ఒక నౌన్ కావాలి. టు లీవ్ ఆ నౌన్‌ని పట్టుకుని నిలబడుతుంది, జాన్‌ని కాదు. లీవింగ్ సగం నౌనే కాబట్టి ‘జాన్స్ లీవింగ్’ చెల్లుతుంది. టు లీవ్‌కి ఆ భాగ్యం లేదు. ‘ది డెసిషన్ ఈజ్ యువర్స్ టు మేక్’ అంటారు కదా అని ఎవరైనా మిమ్మల్ని ఇరుకున పెడితే కంగారు పడకండి. ‘నీది’లో ‘ది’ ఉన్నట్టే ‘యువర్స్’ లోపల నౌన్ దాక్కుని ఉంది.

ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ ఈ టాపిక్‌లో అసలు చిక్కు ఎవరూ అడగరు: టు పక్కనున్న పని చేసేది ఎవరు?

నేను చాలాకాలం ఒక ఆఫీసులో ఉత్తరాలు, మెయిళ్ళు బయటికి వెళ్ళేముందు దిద్దే పని చేశాను. ఒకసారి నా దాకా రాకుండానే స్టాఫ్ అందరికీ ఒక మెయిల్ వెళ్ళిపోయింది. సబ్జెక్ట్ లైన్ ‘డైరెక్టర్స్ ఇన్విటేషన్ టు స్పీక్’. కింద తేదీ, హాలు పేరు, టైము, ‘అందరూ తప్పక రావాలి’ అని ఒక ముక్క. విషయమేమిటంటే, బయటి సంఘమొకటి మా డైరెక్టర్‌గారిని తమ వార్షిక సమావేశంలో మాట్లాడమని పిలిచింది. ఆ సంతోషం అందరితో పంచుకుందామని ఆయన సెక్రటరీ ముచ్చటపడి పంపిన మెయిల్ అది. మావాళ్ళలో ఇద్దరు దాన్ని ఇంకోలా చదువుకున్నారు. డైరెక్టర్‌గారే స్టాఫ్‌ని వచ్చి మాట్లాడమంటున్నారని! అందులో ఒకాయన అకౌంట్స్ సెక్షన్. మీటింగుల్లో పెదవి విప్పని మనిషి, పాపం రాత్రిళ్ళు కూర్చుని స్లైడ్లు చేసుకున్నారు. ఆ రోజు కొత్త చొక్కా వేసుకుని, జేబులో పెన్ డ్రైవ్‌తో నా పక్క సీట్లోనే కూర్చున్నారు. ఆ పెన్ డ్రైవ్ ఉందో లేదో అని మాటిమాటికీ తడుముకుంటున్నారు. డైరెక్టర్‌గారు లేచారు, మాట్లాడారు, దిగారు. ఎవరో మైకు తీసుకుని అందరికీ ధన్యవాదాలు చెప్పడం మొదలుపెట్టారు. ఈయన నా వైపు వంగి ‘మరి మన వంతెప్పుడండీ?’ అన్నారు. ఏం చెప్పమంటారు?

మర్నాడు ఆఫీసులో పంచాయితీ. ‘గ్రామర్ తప్పేమీ లేదు కదా’ అన్నారు సెక్రటరీ. నిజమే, లేదు. గ్రామర్ చూసే సాఫ్ట్‌వేర్ కూడా ఒక్క ఎర్రగీత గీయలేదు. కామా ఒకటి తగ్గితే అరిచి గోల చేసే సాఫ్ట్‌వేర్లు ఇలాంటి చోట మాత్రం నోరు మూసుకుంటాయి, అదే నాకు ఒళ్ళు మంట.

తిరకాసంతా నౌన్‌లోనే ఉంది. డెసిషన్, రెఫ్యూజల్, అటెంప్ట్, ప్రామిస్, ఎబిలిటీ లాంటివి పేచీ పెట్టవు. ముందు ఎవరి పేరుంటే పని వాళ్ళదే. ‘హర్ ప్రామిస్ టు పే’ అంటే డబ్బు కట్టాల్సింది ఆవిడే. ఆర్డర్ దీనికి రివర్సు: ‘ది జడ్జ్స్ ఆర్డర్ టు పే’ అంటే కట్టేది జడ్జిగారు కాదు. ఇన్విటేషన్, పర్మిషన్ ఉన్నాయే, ఇవి రెండు వైపులా తిరుగుతాయి. ‘మై పర్మిషన్ టు లీవ్’ అంటే నేనిచ్చిన పర్మిషనా, నాకొచ్చిన పర్మిషనా? ముందూ వెనకా వాక్యాలు చెప్పాలే తప్ప ఆ ముక్క చెప్పదు. ఇలాంటి చోట నౌన్ వదిలేసి వెర్బ్ పట్టుకోండి. ‘ది డైరెక్టర్ హ్యాజ్ బీన్ ఇన్వైటెడ్ టు స్పీక్’ అని రాసి ఉంటే అకౌంట్స్ ఆయన హాయిగా నిద్రపోయేవారు. నిర్ణయం ఒకరిది, పని ఇంకొకరిది అయితే మధ్యలో ఫర్ పెట్టండి: ‘జాన్స్ ప్లాన్ ఫర్ మేరీ టు లీడ్’. అక్కడ మేరీకి అపాస్ట్రఫీ ఎస్ తగిలించకూడదు.

పండితులేమో -ఇంగ్ దగ్గరే కొట్టుకున్నారు. ‘హిమ్ లీవింగ్’ కాదు, ‘హిజ్ లీవింగ్’ అనాలని ఇంగ్లీషు వాడుక మీద పుస్తకం రాసిన ఫౌలర్ సోదరులు 1906లోనే పట్టుబట్టారు, ఆ తగాదా ఇంకా తెమల్లేదు. టు సంగతి పట్టించుకున్నవాళ్ళలో అమెరికన్ భాషాశాస్త్రవేత్త చోమ్‌స్కీ ఉన్నాడు. నౌన్ల మీద 1970లో అచ్చయిన వ్యాసంలో ఆయన చూపించిన తేడా నాకు భలే ఇష్టం. ‘జాన్ ఈజ్ ఈగర్ టు ప్లీజ్’ని ‘జాన్స్ ఈగర్‌నెస్ టు ప్లీజ్’ అని మార్చొచ్చు. ‘జాన్ ఈజ్ ఈజీ టు ప్లీజ్’ని మాత్రం ‘జాన్స్ ఈజీనెస్ టు ప్లీజ్’ అనలేం. ఆయన చెప్పే కారణాలు సాంకేతికంగా ఉంటాయి. నన్నడిగితే ఇంతే: ఆత్రం జాన్‌ది, మెప్పించే పనీ జాన్‌దే. రెండోదాంట్లో జాన్‌ని మెప్పించేది ఊళ్ళోవాళ్ళు, సుళువు కూడా వాళ్ళకే. జాన్‌ది కానిదాన్ని జాన్ ఖాతాలో ఎలా రాస్తాం?

తెలుగువాళ్ళకి ఇది కష్టమని కొందరంటారు, నేనొప్పుకోను. ‘నా రాక’ అంటాం, ‘నేను రావడం’ అంటాం. ‘నా రావడం’ అని చిన్నపిల్లలు కూడా అనరు. ఏ మాట ముందు ‘నా’ నిలుస్తుందో, ఏ మాట ముందు నిలవదో మనకి పుట్టుకతో తెలిసిందే. కాకపోతే ‘వెళ్ళాలన్న ఆయన నిర్ణయం’లో వెళ్ళాలన్నది ముందొస్తుంది, ఇంగ్లీషులో చివరికి పోతుంది. అంతకుమించి తేడా లేదు.

మనవాళ్ళని నిజంగా పాడుచేసింది ‘ప్రాణం లేనివాటికి అపాస్ట్రఫీ ఎస్ పెట్టకూడదు’ అని బళ్ళో రుద్దిన రూలు. దానికి భయపడి ‘ది ఫెయిల్యూర్ ఆఫ్ ది కంపెనీ టు పే’ అని ఈడ్చుకుంటూ రాస్తారు. ‘ది కంపెనీస్ ఫెయిల్యూర్ టు పే’ అని నిక్షేపంగా రాసుకోండి, పేపర్లలో రోజూ కనిపించే వాడుకే.

ఇంకొకటి, ప్రతి నౌన్ పక్కనా టు కుదరదు. హ్యాబిట్‌కి ఆఫ్ కావాలి, ఇన్‌సిస్టెన్స్‌కి ఆన్ కావాలి. ‘హిజ్ హ్యాబిట్ టు స్మోక్’ కాదు, ‘హిజ్ హ్యాబిట్ ఆఫ్ స్మోకింగ్’. దీనికి రూలు వెతక్కండి, తలనొప్పి తప్ప ఏమీ దొరకదు. డిక్షనరీలో ఆ నౌన్ దగ్గర ఉదాహరణ వాక్యాలు ఇస్తారు, అక్కడ టు ఉందో, ఆఫ్ ఉందో చూసుకోండి. మనలో చాలామంది అర్థం చూసేసి డిక్షనరీ మూసేస్తారు, కింద ఉన్న ఆ వాక్యాల వైపు చూడనే చూడరు.