నల్లా నీళ్లు, బోరు నీళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఎండాకాలం మొదలైనప్పటి నుంచి వరంగల్, హనుమకొండ, కాజీపేట, చుట్టుపక్కల ఊళ్ల పాఠకుల ఉత్తరాల్లో సగం నీళ్ల గురించే. ఒకే రకం సందేహాలను కలిపి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాకు మున్సిపాలిటీ నల్లా ఉంది. అయినా బకెట్లకు, షవర్‌కు తెల్లగా సున్నం పడుతోంది, సబ్బు నురగ రాదు. శుద్ధి చేసిన నీళ్లలో ఇంత సున్నం ఎందుకుంటుంది? (గృహిణి, హనుమకొండ)

జవాబు: ముందు మీ బాత్రూంలో పడేవి నల్లా నీళ్లేనా అన్నది తేల్చుకోండి. నగరానికి వచ్చేది ప్రధానంగా గోదావరి నీరు. కాకతీయ కాలువ మీదుగా, దేవాదుల ఎత్తిపోతల మీదుగా వచ్చి, ధర్మసాగర్ వంటి చెరువుల్లో నిలిచి, ఫిల్టర్ బెడ్లు దాటి ఇంటికి చేరుతుంది. అందులోనూ సున్నం ఉంటుంది. కానీ గ్రానైటు బండల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, ఖనిజాలను కరిగించుకున్న బోరు నీటితో పోలిస్తే మామూలుగా చాలా తక్కువ. చిక్కంతా సంపులో వస్తుంది. నల్లా నీళ్లు చాలవని బోరు మోటారు వేసి అదే సంపు నింపుతారు, ఆ కలిసిన నీళ్లే పై ట్యాంకుకు ఎక్కుతాయి. లెక్క చూడండి: నల్లా నీటి కాఠిన్యం (కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల లెక్క) లీటరుకు 120 మిల్లీగ్రాములు, బోరుది 600 అనుకుంటే, చెరిసగం కలిసినప్పుడు 360. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కోరదగిన హద్దు 200. వేరే నీటి వనరు లేనిచోట 600 దాకా ఒప్పుకుంటారు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. మూడు ఒకేలాంటి సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో వీధి పైపు నుంచి నేరుగా పట్టిన నీళ్లు, రెండో దాంట్లో సంపు నీళ్లు, మూడో దాంట్లో ఆర్‌ఓ నీళ్లు, తలా 200 మిల్లీలీటర్లు. ఒంటి సబ్బు తురుము కొద్దిగా ఆర్‌ఓ నీళ్లలో కరిగించి, ఆ ద్రావణం పదేసి చుక్కలు వేసి ఒకేలా కుదపండి. నురగ నిలవకుండా తెల్లటి తెట్టు కడితే అది కఠిన జలం. బట్టల పౌడరుతో, షాంపూతో ఈ పరీక్ష చేయొద్దు. అవి ఉప్పు నీళ్లలోనూ (అంటే కఠిన జలంలోనూ) నురగనిస్తాయి.

వీధి పైపు నీళ్లు బాగుండి సంపు నీళ్లే తేడాగా ఉంటే వేలు పోసి సాఫ్ట్‌నర్ (కాఠిన్యం తీసే యంత్రం) కొననక్కర్లేదు. బోరుకు వేరే పై ట్యాంకు పెట్టి ఆ లైను టాయిలెట్ ఫ్లష్‌కు, మొక్కలకు, వాకిలి కడగడానికి ఇవ్వండి. వంటింటికి, గీజర్‌కు నల్లా ట్యాంకు నుంచే రావాలి. అత్యవసరానికి రెంటినీ కలిపే పైపు ఉంచుకుంటే మధ్యలో గేట్ వాల్వుతో పాటు, నీళ్లను ఒకే వైపు వదిలే నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి. అది లేకపోతే బోరు నీళ్లు చడీచప్పుడు లేకుండా మంచి ట్యాంకులోకి వెళ్తాయి.

ప్రశ్న: టీడీఎస్ మీటరు 450 చూపిస్తోంది. అంటే కాఠిన్యం 450 ఉన్నట్టేనా? (డిగ్రీ విద్యార్థి, పరకాల)

జవాబు: కాదు. ఆ మీటరు నీటి విద్యుద్వాహకత కొలిచి, కరిగిన లవణాలన్నీ కలిపి ఒక అంచనా చెబుతుంది. అందులో సున్నమెంతో, సోడియమెంతో దానికి తెలియదు. కాఠిన్యానికి ఈడీటీఏ (కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే రసాయనం) టైట్రేషన్ చేయాలి, మీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లోనే కుదురుతుంది. 50 మిల్లీలీటర్ల నీటికి పీహెచ్ 10 అమ్మోనియా బఫర్, రంగు సూచిక ఎరియోక్రోమ్ బ్లాక్-టీ కలిపి 0.01 మోలార్ ఈడీటీఏ వదలండి. ద్రాక్షసారా ఎరుపు పూర్తిగా పోయి నీలం రావాలి. ఊదారంగు దగ్గరే ఆపేస్తే విలువ తక్కువ వస్తుంది. ఖర్చయిన మిల్లీలీటర్లను 20తో గుణిస్తే లీటరుకు మిల్లీగ్రాముల్లో కాఠిన్యం.

ప్రశ్న: గీజర్ బుసబుసమని చప్పుడు చేస్తోంది, నీళ్లు ఆలస్యంగా కాగుతున్నాయి. మెకానిక్ కొత్తది కొనమంటున్నాడు. (విశ్రాంత ఉద్యోగి, కాజీపేట)

జవాబు: తొందరపడకండి. ఎలిమెంట్ మీద సున్నం గట్టిపడి, దాని సందుల్లో నీరు మరిగి ఆవిరవుతున్న చప్పుడది. పొర మందమయ్యేకొద్దీ వేడి నీటికి చేరదు, ఎలిమెంట్ లోపలే వేడెక్కి చివరకు పగులుతుంది. అప్పుడు ఎర్త్ లీకేజీతో ట్రిప్పర్ పడిపోతుంది. ఇప్పటికే పడిపోతుంటే మాత్రం ఎలిమెంట్ పోయినట్టే, అది మార్చాలి.

ఎంసీబీ ఆపి, ఇన్‌లెట్ వాల్వు మూసి, నీళ్లన్నీ దించేయండి. ఫ్లాంజ్ నట్లు విప్పితే ఎలిమెంట్, మెగ్నీషియం యానోడ్ రాడ్ బయటకొస్తాయి. లీటరు గోరువెచ్చని నీటిలో 100 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించి ఎలిమెంట్‌ను ముంచండి, కరెంటు వైర్లు తగిలించే కొసలు మాత్రం తడవకూడదు. బుడగలు ఆగేదాకా, సుమారు రెండు గంటలు ఉంచితే పొర మెత్తబడుతుంది. కత్తితో గీకొద్దు, పై పూత పోతుంది. ట్యాంకు అడుగున రాలిన పెచ్చులు చేత్తో తీసి కడగండి. యానోడ్ రాడ్ సన్నబడి లోపలి తీగ కనిపిస్తుంటే మార్చేయండి. ట్యాంకుకు తుప్పు పట్టకుండా ముందు తాను కరిగేది అదే. గ్యాస్కెట్ కొత్తది వేయాలి, పాతది ఎంత బిగించినా కారుతుంది. వేడి నల్లా నుంచి నీళ్లు ధారగా వచ్చాకే స్విచ్ వేయండి. ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ నిమిషాల్లో కాలిపోతుంది.

ప్రెజర్ రిలీజ్ వాల్వులోనూ సున్నం పడుతుంది. దాని మీట ఎత్తితే నీళ్లు రాకపోతే వాల్వు మార్చేదాకా గీజర్ వాడొద్దు. ఇది నిజంగా ప్రమాదం.

బాత్రూం బండల మీది తెల్లమరకల గురించి కూడా అడిగారు. మీవి తాండూరు లేదా షాబాద్ బండలైతే యాసిడ్, నిమ్మ ఉప్పు రెండూ వద్దు. ఆ రాయే సున్నపురాయి, మరకతో పాటు రాయి కూడా కరుగుతుంది.

ప్రశ్న: మా ఊరి బోరు నీళ్లు మెత్తగానే ఉంటాయి, సబ్బు బాగా నురగొస్తుంది. కాచి తాగితే చాలదా? ఆర్‌ఓ అవసరమా? (రైతు, జమ్మికుంట)

జవాబు: మెత్తటి బోరు నీళ్లనే ఇంకొంచెం అనుమానించాలి. గ్రానైటు నేలల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి కొంత అవక్షేపమై దిగిపోతుంది. కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీటిలో అది నీళ్లలోనే మిగులుతుంది. రుచీ రంగూ ఏమీ చెప్పవు. హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, తప్పనిసరైతే 1.5. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, తాత్కాలిక కాఠిన్యం కొంత పోతుంది. ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైనంత మేర దాని సాంద్రత పెరుగుతుంది కూడా.

కాబట్టి మిషన్ పట్టుకొచ్చే ముందు పరీక్ష. బోరు అయిదు నిమిషాలు నడిచాక లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, నిండా పట్టి మూత బిగించండి. ఫ్లోరైడ్‌కు గాజు సీసా వద్దు. ల్యాబ్‌లో ఫ్లోరైడ్, నైట్రేట్, కాఠిన్యం మూడూ రాయించండి. నైట్రేట్ హద్దు 45, ఇందులో సడలింపు లేదు. ఎరువులు, మరుగుదొడ్డి గుంతల ఊట దగ్గరుంటే ఇది పెరుగుతుంది.

ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే ఆర్‌ఓ పనికొస్తుంది, దాని లోపలి వడపోత పొర ఫ్లోరైడ్‌ను చాలావరకు ఆపుతుంది. అయితే చాలా మిషన్లలో రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న స్క్రూ ఉంటుంది. అది పొర దాటని నీటిని కొంత మళ్లీ కలుపుతుంది. మీరు డబ్బు పోసి తీసేసిన ఫ్లోరైడ్ ఆ స్క్రూ దగ్గర తిరిగొస్తుంది. పూర్తిగా మూయించండి. పొర పనితీరు చూడటానికి లోపలి నీటి, బయటి నీటి టీడీఎస్ రెండూ కొలవండి: 600 లోపలికి వెళ్లి 50 వస్తే బాగుంది, 120 దాటితే మార్చే వేళయింది. నల్లా నీళ్లకు ఆర్‌ఓ వాడేవాళ్లు కార్బన్ ఫిల్టర్‌ను వాయిదా వేయొద్దు, క్లోరిన్ తగిలితే ఆ పొర పాడవుతుంది.

ప్రశ్న: ఉప్పు నీళ్లతో జుట్టు రాలుతుందా? (విద్యార్థిని, వరంగల్)

జవాబు: సబ్బు, సున్నం కలిసిన తెట్టు వెంట్రుకల మీద నిలిచి గరుకుగా, చిక్కుగా మారుస్తుంది. కుదుళ్ల నుంచి రాలడానికి నీళ్లే కారణమని గట్టి రుజువు లేదు. చివరి రెండు చెంబులు ఆర్‌ఓ వదిలేసిన నీళ్లు మాత్రం పోసుకోకండి, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ.

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌కు సాఫ్ట్‌నర్ పెట్టించాం. నాలుగు రోజులకే మళ్లీ సున్నం. (అపార్ట్‌మెంట్ సంఘం, హనుమకొండ)

జవాబు: లెక్క వేయకుండా అమ్మినట్టున్నారు. లీటరు రెజిన్ (సాఫ్ట్‌నర్‌లో సున్నాన్ని పట్టే గుళికలు) సుమారు 50 గ్రాముల కాఠిన్యాన్ని పట్టుకుంటుంది. 100 లీటర్ల రెజిన్ అంటే 5 కిలోలు. మీ నీటి కాఠిన్యం 500 అయితే 10,000 లీటర్లకే నిండిపోతుంది. మీ వాడకాన్ని దీంతో పోల్చి రీజనరేషన్ (ఉప్పుతో రెజిన్‌ను మళ్లీ పనికి తేవడం) రోజు నిర్ణయించండి. ఒక్కోసారికి లీటరు రెజిన్‌కు 100 నుంచి 150 గ్రాముల చొప్పున దొడ్డుప్పు కావాలి. ఎర్రటి ఇనుము నీళ్లయితే ముందు ఐరన్ ఫిల్టరు లేకుండా రెజిన్ మన్నదు. సాఫ్ట్‌నర్ తర్వాత టీడీఎస్ తగ్గలేదని గొడవపడొద్దు: సున్నం పోయి సోడియం చేరుతుంది, మొత్తం తగ్గదు. అందుకే తాగడానికి, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్లకు, ఈ లైను వద్దు.

ప్రశ్న: నల్లా విప్పగానే మొదట మురికి వాసన. (వరంగల్)

జవాబు: నీళ్లు రాని వేళ పైపు ఖాళీగా ఉంటుంది. అతుకుల దగ్గర పక్క మోరీ నీళ్లు లోపలికి దిగుతాయి. నల్లాకు మోటారు బిగించి లాగితే ఇంకా ఎక్కువ దిగుతాయి. వాసన పోయేదాకా సంపులోకి వదలకండి. రోజూ ఇదే తీరైతే ఫిర్యాదు చేయండి, మీ వీధిలో ఎక్కడో లీకుంది. అప్పటికే సంపులో కలిసిపోతే ఆ నీళ్లు తోడేసి, గోడలు రుద్ది కడిగి, మళ్లీ నింపండి. 1,000 లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడర్ 2.5 గ్రాములు బకెట్‌లో కలిపి, మడ్డి దిగాక పైతేట మాత్రం పోసి గంట ఆగండి. పొట్లం విప్పి నెలలు దాచిన పౌడర్‌లో క్లోరిన్ మిగలదు. గంట తర్వాత క్లోరోస్కోప్‌లో (మిగిలిన క్లోరిన్ చూసే చిన్న పరికరం) పసుపు రంగు రాకపోతే, అంటే లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ కూడా లేకపోతే, మరో సగం మోతాదు వేయాలి.