యాక్సిడెంట్ బట్టలు మేమే తీసుకెళ్లి ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఇవ్వొచ్చా?

మీరు అడిగింది ఇదీ: బెంగళూరులో సిల్క్ బోర్డు దగ్గర రాత్రిపూట మీ బాబాయిగారి స్కూటర్‌ని ఒక కారు గుద్ది, ఆగకుండా వెళ్లిపోయింది. ఆయన ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. రక్తం మరకలైన బట్టలు, హెల్మెట్ కలిపి ఆసుపత్రివాళ్లు ఒక ప్లాస్టిక్ కవర్లో కట్టి మీకిచ్చారు. మడివాళలోని ఎఫ్‌ఎస్‌ఎల్ (ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబ్) మీ ఇంటికి దగ్గరే కదా, మనమే ఇచ్చేస్తే రిపోర్టు తొందరగా వస్తుందా అని మీ సందేహం.

రాదు. అసలు తీసుకోరు. ఏ ప్రభుత్వ ల్యాబ్‌కైనా వస్తువులు పోలీసుల నుంచో కోర్టు నుంచో రావాలి. ఇలాంటి ల్యాబ్‌లోనే పార్సిళ్లు తీసుకునే కౌంటర్‌లో పనిచేసి రిటైరయ్యాను నేను. కవరు పట్టుకుని నేరుగా వచ్చిన కుటుంబాలను వెనక్కి పంపడం ఆ ఉద్యోగంలో నాకు అస్సలు నచ్చని పని. కానీ పంపక తప్పదు. "ఆ చొక్కాకి కారు పెయింట్ ఇంట్లో ఎవరో పూయలేదని నమ్మకమేంటి?" అని రేపు అవతలి లాయరు అడిగితే, ఆసుపత్రి నుంచి ల్యాబ్ బల్ల దాకా అది ఎవరి చేతిలో ఎప్పుడు ఉందో కాగితం మీద చూపించాలి. ఆ కాగితం లేకపోతే ప్రైవేటు ల్యాబ్ ఎంత గొప్ప రిపోర్టు ఇచ్చినా పెద్దగా ఉపయోగం లేదు.

ఇప్పుడు అర్జెంటుగా చూడాల్సింది ఆ ప్లాస్టిక్ కవరు. తడి రక్తం గాలాడని చోట ఉంటే బాక్టీరియా, బూజు పట్టి డీఎన్ఏ పాడైపోతుంది. బెంగళూరు వానాకాలంలో మామూలు బట్టలే ముక్కిపోతాయి, రక్తం బట్టల సంగతి చెప్పాలా! ఈరోజే దర్యాప్తు అధికారికి ఫోన్ చేసి, బట్టలు తడిగా ఉన్నాయి, వచ్చి సీజ్ చేయండి అని అడగండి. రాలేకపోతే, ఆయనకు చెప్పే ఈ పని చేయండి. చేసేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయండి. కొత్త గ్లౌజులు వేసుకుని, శుభ్రమైన తెల్ల కాగితం పరిచి, ఒక్కో బట్టని విడివిడిగా నీడలో ఆరనివ్వండి. ఎండ వద్దు, ఫ్యాన్ గాలి నేరుగా తగలకూడదు. దులపొద్దు, ఉతకొద్దు. ఆరిన తర్వాత కింద పరిచిన కాగితాన్ని కూడా బట్టతో పాటే మడవండి. మీకు కావలసింది దాని మీద రాలిన ఇసుకలోనే ఉండొచ్చు. ఒక్కో బట్ట ఒక్కో ఖాకీ కవర్లోకి. న్యూస్‌పేపర్ వాడకండి, ఆ సిరా అంటుకుంటుంది. హెల్మెట్ విడిగా అట్టపెట్టెలో, రాపిడి తగలకుండా. ఆసుపత్రి ఇచ్చిన ప్లాస్టిక్ కవర్ని కూడా పారేయకండి, దాని అడుగున కూడా ఏదో ఒకటి రాలి ఉంటుంది. సీలు మాత్రం మీరు వేయకండి, అది పోలీసుల పని.

ఇంత జాగ్రత్త రక్తం కోసం అనుకుంటారేమో. రక్తం మీ బాబాయిదేనని అందరికీ తెలుసు. గుద్దిన కారుని పట్టించేది పెయింట్. కారు మీద కంటికి ఒక్క రంగే కనిపించినా, లోపల తుప్పు పట్టకుండా వేసే పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, ఆఖరున మెరుపు పూత ఉంటాయి. ఎప్పుడో డెంటింగ్ చేయించి మళ్లీ రంగు వేయించిన బండైతే ఇంకా నాలుగు పొరలు ఎక్కువుంటాయి. దాచుకోవడానికి చేయించిన పనే చివరికి పట్టిస్తుంది, ఎందుకంటే అదే వరసలో అవే పొరలున్న ఇంకో బండి దొరకడం కష్టం. ఆవగింజంత పెచ్చు చాలు, మైక్రోస్కోపు కింద పొరల్ని లెక్కపెడతారు.

ఇక్కడే చాలా కేసులు దెబ్బతినేవి. ల్యాబ్ చేసేది ప్రధానంగా పోలిక. హెల్మెట్ మీది పెయింట్ ఒక్కటే పంపితే అది ఫలానా రంగు అని చెప్పగలరు, అంతే. అనుమానమున్న కారు దొరికాక, దెబ్బ తగిలిన చోటికి పక్కనే శుభ్రమైన బ్లేడుతో లోహం కనిపించేదాకా గీకి ఆ నమూనా కూడా పంపాలి. పైపైన గీకితే కింది పొరలు రావు. ఆ పెచ్చుల్ని పొట్లం కట్టి కవర్లో వేయాలి. సెల్లోటేప్ మీద అతికించి పంపేవాళ్లుంటారు, ఆ జిగురు కూడా పరీక్షలోకి వచ్చి కూర్చుంటుంది. హెడ్‌లైట్ ముక్కలు దొరికితే పెద్దవీ చిన్నవీ అన్నీ ఏరాలి. ఈ కాలం కార్లకు చాలావాటికి అది గాజు కాదు, పాలీకార్బొనేట్. అయినా విరిగిన అంచులు కారుకి మిగిలిన ముక్కతో అతికాయంటే అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు.

కారు నుంచి తీసినవీ, మీ బాబాయి బట్టలూ ఒకే బల్ల మీద, ఒకే కానిస్టేబుల్ చేతుల మీదుగా ప్యాక్ కాకూడదు. రెండు వైపుల వస్తువులూ ఒకే గోనెసంచిలో మూటగట్టి ఒక స్టేషన్ నుంచి వచ్చిన కేసు నాకిప్పటికీ గుర్తే. ఆ సంచిలోనే ఒకదాని మీదిది ఇంకోదానికి అంటి ఉంటుంది కదా! ఇక పరీక్షకేం విలువ?

ఇక సీలు సంగతి. పార్సిల్‌కి గుడ్డ చుట్టి కుట్టి, కుట్ల మీద లక్క పోసి ముద్ర వేస్తారు. అదే ముద్ర నమూనాని ఫార్వర్డింగ్ లెటర్‌తో విడిగా పంపుతారు. కౌంటర్‌లో మేం మొదట చూసేది ఈ రెండూ కలుస్తున్నాయా, లక్క పగిలిందా అని. తర్వాత లెటర్లో రాసిన వస్తువుల లెక్కా పార్సిల్లో ఉన్నదీ ఒకటేనా అని. తేడా వస్తే తెచ్చిన కానిస్టేబుల్ ఎండలో అన్నిటితో మళ్లీ స్టేషన్‌కి పోవాల్సిందే. ఎఫ్‌ఐఆర్ కాపీ, మహజరు (సాక్షుల ముందు రాసే పంచనామా) కాపీ జతచేయాలి. ఏం తేల్చాలో స్పష్టంగా అడగాలి. "తగు పరీక్ష జరిపి నివేదిక ఇవ్వగలరు" అన్న వాక్యం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. "హెల్మెట్ మీది పెయింట్ ఫలానా కారు పెయింట్‌తో సరిపోతుందా" అని రాయడానికి ఏమైంది?

డ్రైవర్ దొరికి, తాగి ఉన్నాడనే అనుమానం ఉంటే, రక్తం సోడియం ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబులో తీయాలి. లేకపోతే సూక్ష్మజీవుల వల్ల ఆల్కహాల్ లెక్క మారిపోతుంది. సూది గుచ్చే ముందు స్పిరిట్ దూదితో తుడవకూడదు. డీఎన్ఏకైతే ఊదా మూత ఈడీటీఏ ట్యూబు.

సీసీటీవీ గురించి మీరు అడగలేదు కానీ, అన్నిటికంటే ముందు పోయేది అదే. షాపుల డీవీఆర్‌లు పాతదాని మీదే కొత్తది రికార్డు చేసుకుంటూ పోతాయి. ఫుటేజీని వాట్సాప్‌లో పంపించుకుని ఊరుకోకండి, అక్కడ ఫైల్ కుదించుకుపోతుంది. అసలు ఫైల్‌ని పోలీసులే తీసుకోవాలి. దాంతో పాటు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్, అందులో హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపించే అంకెలు, అక్షరాల గుర్తు) ఉండాలి. పోలీసులను లిఖితపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి.

ఫోరెన్సిక్ టీమ్ స్పాట్‌కి ఎందుకు రాలేదని కూడా అడిగారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ కేసుల దర్యాప్తు, విచారణ పద్ధతి చెప్పే చట్టం)లో 176(3) ప్రకారం ఆ పని తప్పనిసరి చేసింది ఏడేళ్లు, అంతకు పైబడి శిక్ష పడే నేరాలకు. గాయాలైన రోడ్డు ప్రమాదం సాధారణంగా దాని కిందికి రాదు. కాబట్టి మీ కేసులో వస్తువులు ఏరడం, ప్యాక్ చేయడం అంతా స్టేషన్ వాళ్ల మీదే ఆధారపడి ఉంది. సీజ్ చేసేటప్పుడు మాత్రం అదే చట్టం 105వ సెక్షన్ ప్రకారం పోలీసులు వీడియో తీయాలి. తీయకపోతే మర్యాదగా గుర్తుచేయండి.

మహజరు రాసేటప్పుడు కన్నడం చదవగలిగిన స్నేహితుణ్ణి పక్కన పెట్టుకోండి. వస్తువుల జాబితాలో హెల్మెట్ ఉందో లేదో చూసుకోండి, దాన్ని మర్చిపోతుంటారు. పార్సిల్ ల్యాబ్‌కి ఏ తేదీన వెళ్లిందో, అక్కడ ఇచ్చిన కేసు నంబర్ ఏంటో దర్యాప్తు అధికారిని అడిగి రాసిపెట్టుకోండి. రిపోర్టు మీకు నేరుగా రాదు, ఆయనకో కోర్టుకో వెళ్తుంది. కాపీ మీ లాయరు ద్వారా తీసుకోవాలి.