పైకీ కిందకీ జరిగే యూరినల్ పెట్టొచ్చా?

ప్రశ్న: ఇల్లు కట్టుకుంటున్నామండీ. మావారు ఆరడుగులు, బాబుకి ఐదేళ్లు, మావయ్యగారికేమో మోకాళ్ల నొప్పులు. ఎత్తు మార్చుకునే యూరినల్ చేయించొచ్చా అంటే మేస్త్రీ నవ్వుతున్నాడు.

జవాబు: నవ్వనివ్వండి, ఐడియా బానే ఉంది. మామూలుగా యూరినల్ అంచు నేల నుంచి 24 అంగుళాల ఎత్తులో పెడతారు, అది మీ బాబుకి పొట్ట దాకా వస్తుంది, వాడికి 16 చాలు. అంటే 8 అంగుళాలు జరగాలి. గోడకి రెండు స్టీలు రెయిల్స్, వాటి మీద జరిగే ప్లేటు, పడిపోకుండా లాక్ పిన్, ఇదంతా ఫ్యాబ్రికేషన్ షాపువాళ్లు చేసేస్తారు, గిన్నె మాత్రం పింగాణీది వద్దు, బరువు, స్టీలుది తీసుకోండి.

అసలు తలనొప్పి పైపుతోనే. వాష్‌బేసిన్ కింద వాడే ముడతల పైపు పెట్టారో, ఆ ముడతల్లో తెల్లగా ఉప్పు గారకట్టి ఇల్లంతా కంపే! నున్నటి పైపులో ఇంకో నున్నటి పైపు జారేలా, మధ్యలో రబ్బరు రింగుతో చేయించండి. ట్రాప్, అంటే నీళ్లు నిలిచి వాసన పైకి రాకుండా ఆపే వంపు, కదలకుండా కిందే ఉండాలి, అందులో 2 అంగుళాల నీళ్లు నిలవాలి.

మావయ్యగారికి మాత్రం పక్కన పట్టుకోడానికి రాడ్డు ముందు వేయించండి, యూరినల్ తర్వాత చూద్దురుగాని.