రంగు వెలిసిన సిక్లిడ్లు, నోరు విప్పని ఎల్లో ల్యాబ్

ప్రశ్న: మా మూడడుగుల ట్యాంకులో ఆరు ఆఫ్రికన్ సిక్లిడ్ చేపలు ఉన్నాయి. పసుపు మీద నల్ల చారలున్న ఒకటి రోజంతా మిగతావాటిని తరుముతోంది. అవేమో రంగు వెలిసిపోయి ఫిల్టర్ వెనక నక్కుతున్నాయి. ఇంకొన్ని చేపలు వేస్తే గొడవ తగ్గుతుందని ఒకరన్నారు, నిజమేనా?

జవాబు: సగం నిజం. మీరు చెప్పే చారల చేప ఆరాటస్ అయ్యుంటుంది. పిల్లగా ఉన్నప్పుడు చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి అందరూ తెచ్చేసుకుంటారు, పెద్దయ్యాక మగది నల్లబడి ట్యాంకు మొత్తం నాదే అంటుంది, ఆడవి కూడా తక్కువేం కాదు. మిగతావాటికి జబ్బని కంగారు పడకండి. ఓడిపోయిన చేప తన రంగు తగ్గించుకుంటుంది, పోటీకి రానని చెప్పే పద్ధతి అది.

ఇవి మలావీ సరస్సులో రాళ్ల మధ్య బతికే ఎంబూనా జాతులు. అక్కడ మగది తన రాళ్ల చుట్టూ కాపలా కాస్తుంది, ఓడింది ఈదుకుంటూ ఎటైనా పోతుంది. మీ ట్యాంకులో ఎటు పోతుంది చెప్పండి? ఆరే ఉంటే దెబ్బలన్నీ ఒకటి రెండు చేపల మీదే పడతాయి, పదిహేను ఇరవై ఉంటే పంచుకుంటాయి, అందుకే ఎక్కువ వేయమంటారు. కానీ అది నాలుగడుగులు, 200 లీటర్లు దాటిన ట్యాంకుకి, గట్టి ఫిల్టర్‌తో, వారం వారం మూడో వంతు నీళ్లు మార్చేవాళ్లకి చెప్పే మాట. వీటికి పీహెచ్ 7.8 నుంచి 8.6 వరకు కావాలి, పీహెచ్ పెరిగినకొద్దీ చేపల వ్యర్థాల నుంచి నీళ్లలో చేరే అమ్మోనియా మరింత విషమవుతుంది, కాబట్టి చిన్న ట్యాంకులో గుంపు పెంచితే కొట్లాటకు ముందు నీళ్లే చంపేస్తాయి.

మీరు మొదట చేయాల్సింది ఆ ఆరాటస్‌ని తీసేసి, పెద్ద ట్యాంకున్న వాళ్లకివ్వడం. తర్వాత రాళ్లన్నీ తీసి కొత్తగా పేర్చండి, ఎవరి హద్దులు ఎక్కడో చేపలు మళ్లీ మొదటినుంచీ తేల్చుకోవాలి కాబట్టి కొన్నాళ్లు పొగరు తగ్గుతుంది. రాళ్లు ఇసుక మీద పెట్టకండి, నేరుగా అడుగు అద్దం మీద కుదురుగా పేర్చి ఆ తర్వాత ఇసుక పోయండి. ఇవి తవ్వుతూనే ఉంటాయి, కింద ఇసుక జారితే రాయి దొర్లి చేపైనా పోతుంది, అద్దమైనా పగులుతుంది. ఇక ఏ జాతి అయినా ఒక మగదానికి కనీసం మూడు ఆడవి ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: మా ఎల్లో ల్యాబ్ (పసుపు రంగు ఎంబూనా చేప) వారంగా ఏమీ తినడం లేదు, గొంతు కింద ఉబ్బింది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉబ్బింది గొంతే అయితే సంతోషించండి, అది గుడ్లు నోట్లో పెట్టుకుని పొదుగుతోంది! దాదాపు మూడు వారాలు అలాగే ఉండి, పిల్లలు ఈదగలిగాక వదులుతుంది. వల పట్టుకుని వెంటపడొద్దు, బెదిరితే ఉమ్మేస్తుంది, లేదా మింగేస్తుంది.

ఉబ్బింది పొట్ట అయితే, తెల్లగా దారంలా మలం వస్తుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు, దాన్నే మలావీ బ్లోట్ అంటారు. ఎంబూనాల్లో చాలావాటిది రాళ్ల మీద నాచు గీరుకుని తినే బతుకు, పొడవాటి పేగు. వాటికి రోజూ బ్లడ్‌వార్మ్స్ (మేతగా అమ్మే ఎర్ర పురుగులు) పెట్టి ప్రేమ చూపించాలనుకుంటే ఇదే జరిగే ప్రమాదం ఉంది. స్పిరులినా అనే నాచు ఉన్న మేత వేయండి, అదీ నిమిషంలో అయిపోయేంతే. జబ్బు మొదలైతే చేపను విడిగా పెట్టి మెట్రోనిడజోల్ ఉన్న ఆక్వేరియం మందు వాడతారు, ఇంకా మేత ముడుతున్నప్పుడే మొదలుపెడితే బతికే ఆశ ఎక్కువ.

ప్రశ్న: ఎంబూనాలతో పీకాక్ సిక్లిడ్లు కలపొచ్చా?

జవాబు: వద్దు. అవీ మలావీవే, కానీ నెమ్మదైనవి, పైగా ఇసుకలో పురుగులు ఏరుకుతినేవి. ఎంబూనాలు వాటిని తిననివ్వవు, నిలవనివ్వవు, పీకాక్‌ల నీలం రంగు మీకు కనబడనే కనబడదు. పీకాక్ మీద మనసుంటే వాటికి వేరే ట్యాంకు పెట్టండి.