బుజ్జమ్మకు, ఆ వెనకగది గురించి

బుజ్జమ్మా,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. రెడ్‌హిల్స్‌లో మీ వెనకగది ఖాళీ చేసి, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి జిల్లాల నుంచి వచ్చేవాళ్ళకి ఇస్తామంటున్నారట. మీ అమ్మకి ఒకటే టెన్షన్. "ముక్కూ మొహం తెలియనివాళ్ళని ఇంట్లో పెట్టుకుంటుందట అక్కా, నువ్వైనా చెప్పు" అంది. వద్దని చెప్పమని దాని అర్థం. నేను చెప్పను. ఫోన్ పెట్టేశాక మీ పెదనాన్న ఫొటో ముందు నిలబడి "చూశారా మన పిల్ల" అన్నాను. ఈ సంగతి నీకు రాయకూడదనుకున్నాను, రాసేశాను.

ముందు చిన్న పనులు. ఇంటి ఓనరుకి ముందే చెప్పు. దాచిపెడితే ఎప్పుడో ఒకప్పుడు వాచ్‌మన్ చెబుతాడు, ఆ మాటలు గదిలో ఉన్న జబ్బు మనిషి చెవిన పడతాయి. ఆధార్ కాపీ, ఆసుపత్రి కార్డు కాపీ అడిగి తీసుకో, మొహమాటపడకు. బంగారం లాకర్లో పెట్టు. బీరువా సంగతి ఎలా ఉన్నా, పాపని మాత్రం ఎవరి దగ్గరా ఒంటరిగా వదలకు. ఎంత మంచివాళ్ళైనా సరే, ఎంత ప్రార్థనపరులైనా సరే. ప్రార్థనపరులైతే మరీ జాగ్రత్త. నర్సుగా చూడకూడనివి చూశాను, ఇంతకంటే రాయలేను.

గదికి సోఫా, టీవీ ఏం వద్దు. బైబిల్లో షూనేము ఊరి ఇల్లాలు ఎలీషా ప్రవక్త కోసం మేడమీద గది కట్టించి అందులో పెట్టినవేంటి? మంచం, బల్ల, పీట, దీపం. అంతే. నీ గదికి వాటితోపాటు ఒక బకెట్టూ, తలుపుకి లోపలివైపు గడియా కావాలి. గడియ సంగతి ఊరికే అనడం లేదు. రొమ్ము దగ్గర రేడియేషన్ పెట్టించుకున్నవాళ్ళకి చర్మం కమిలిపోతుంది, రవికె తగిలినా మంటే. తలుపేసుకుని, రవికె విప్పుకుని, గాలికి కాసేపు కూర్చోగలిగితే వాళ్ళకి అదే సుఖం. ఎవరో తోసుకొస్తారేమోనని భయపడుతూ కూర్చుంటే ఆ సుఖం కూడా ఉండదు. నువ్వు అడిగినా ఇది నీకు ఎవరూ చెప్పరు.

థర్మామీటరు కొనిపెట్టు. కీమో పెట్టించుకున్నవాళ్ళకి 100.4 వచ్చిందంటే, పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. అర్ధరాత్రైనా ఆటో పిలిచి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళు. తెల్లకణాలు పడిపోయి ఉంటాయి, ఆ జ్వరంతో గంటల్లో ప్రాణం మీదకొస్తుంది. మామూలు జ్వరమేలే అని ఇంట్లోనే ఉంచేసి, తెల్లవారాక తీసుకొచ్చినవాళ్ళని డ్యూటీలో చూశాను. అందుకే దీని గురించి నస పెడతాను, ఫోన్‌లోనూ పెడతాను.

ఇంకోటి. ఎన్నాళ్ళుంటారో ముందే మాట్లాడుకోండి. తొలినాటి క్రైస్తవ సంఘాల నియమాల పుస్తకం ఒకటుంది, డిడాకే అంటారు. దారిన పోయే అతిథి రెండు రోజులు, అవసరమైతే మూడు రోజులు ఉండొచ్చని అందులో ఉంది. రేడియేషన్‌కి ఆ లెక్క కుదరదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ వెళ్ళాలి, చాలామందికి ఐదారు వారాలు పడుతుంది. బైబిల్లో పేతురు సణుక్కోకుండా ఆతిథ్యం చెయ్యమని రాశాడంటే, అప్పటికే సంఘంలో సణుగుడు మొదలైందన్నమాట. నాలుగో వారానికి నువ్వూ సణుగుతావు, బాత్రూమ్ దగ్గరే మొదలవుతుంది. సణుక్కో, తప్పేం లేదు. నాకు ఫోన్ చేసి సణుక్కో. వాళ్ళకి వినపడనీకు.

ఇప్పుడు అసలు సంగతి. ఫ్యామిలీ గ్రూపులో నువ్వు పెట్టిన బోర్డు ఫొటో చూశాను. "బేతనియ గృహము" అని పెద్ద అక్షరాలు, కింద బైబిలు వాక్యం, దాని కింద "రాత్రి 8 గంటలకు కుటుంబ ప్రార్థన, అందరూ తప్పక." ఆ బోర్డు తీసెయ్. కోపం తెచ్చుకోకుండా ఎందుకో విను.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నేను పదో తరగతి. కృష్ణకి అవతల దివిసీమలో ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి, పదివేల మందికి పైగా పోయారు. అప్పటికి పెనుమూడి దగ్గర వంతెన లేదు. మీ తాతయ్య సాయానికని పడవ మీద వెళ్ళి, వస్తూ ఒకామెనీ ఆమె కొడుకునీ వెంటబెట్టుకొచ్చాడు. తన మంచం వాళ్ళకిచ్చి తాను వసారాలో పడుకున్నాడు. ఆమెకి కొత్త చీర కొన్నాడు. ఇంట్లో ఉన్న కాస్త పెరుగూ ఆ పిల్లాడికే వెయ్యమనేవాడు. మేం ముగ్గురం చూస్తూ కూర్చునేవాళ్ళం, మీ అమ్మైతే ఏడ్చేది కూడా. ఆ ఆదివారం గుడిలో ఆమెని ముందుకి పిలిచి, "దేవుడు నిన్నెలా కాపాడాడో సాక్ష్యం చెప్పమ్మా" అన్నాడు. ఆమె చెప్పింది. తాటిచెట్టు పట్టుకుని రాత్రంతా ఉన్నానంది, కొడుకు మెడ కరుచుకుని ఉన్నాడంది, చంకలో పిల్ల జారిపోయిందంది. సంఘమంతా ఏడ్చింది. హల్లెలూయ అన్నారు. అక్కడితో అయిపోయి ఉంటే నేనిది రాసేదాన్ని కాదు.

మర్నాటి నుంచి ఇంటికి ఎవరొచ్చినా సరే, పక్కూరి పాస్టరుగారు, బడి ఇన్‌స్పెక్టరు, చివరికి చాకలామె వచ్చినా, చేస్తున్న పని ఆపి, చేతులు కొంగుకి తుడుచుకుని, వసారా గుంజ పక్కన నిలబడి మొదలుపెట్టేది. తాటిచెట్టు, కొడుకు, చంకలో పిల్ల. అవే మాటలు, అదే వరస. ఎవరూ అడిగేవాళ్ళు కాదు. గొంతులో ఏడుపు ఉండేది కాదు. చివర "దేవునికి స్తోత్రం" అని మళ్ళీ అంట్ల దగ్గరికి పోయేది. తాతయ్య అది గొప్ప విశ్వాసమనుకుని పొంగిపోయాడు. ఒక రాత్రి అమ్మమ్మ అంది, "తిన్న అన్నానికి ఆ సాక్ష్యంతో బాకీ తీరుస్తోందండీ ఆ పిల్ల." తాతయ్యకి ఎక్కడలేని కోపం వచ్చింది. అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అమ్మమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ ఆ తర్వాత గేటు చప్పుడైతే చాలు, చేటలో బియ్యం పోసి ఆమె చేతికిచ్చి పెరట్లోకి పంపేసేది. "రాళ్ళు ఏరమ్మా, వచ్చినవాళ్ళని నేను చూసుకుంటా." ఏరిన బియ్యాన్నే మళ్ళీ మళ్ళీ ఏరించింది. కొన్నాళ్ళకి గేటు చప్పుడైనా ఆ పిల్ల చేట మీద నుంచి తల ఎత్తడం మానేసింది. అప్పుడు నెమ్మదించింది అమ్మమ్మ. తాతయ్య లాంటి మంచివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు, అందుకే ఆ తప్పు ఇన్నేళ్ళైనా నన్ను వదల్లేదు. చెడ్డవాళ్ళు చేసే తప్పు కాదది.

గుంటూరులో అమెరికా మిషన్ డాక్టరు కుగ్లరమ్మ ఆసుపత్రి సంగతి నీకు తెలుసుగా, 1898లో తెరిచారు. రోగుల వెంట వచ్చే చుట్టాలు ఉండటానికని దాని ఎదురుగా సత్రం కట్టించింది ఏలూరు రాజావారు, భుజంగరావుగారు. మిషన్ ఆసుపత్రికి హిందూ జమీందారు సత్రం! ఎవరు ఎవరికి ఆతిథ్యం ఇచ్చినట్టో చెప్పు చూద్దాం.

నీ గదికి వచ్చేవాళ్ళలో హిందువులుంటారు, ముస్లింలుంటారు. దేవుడి పటం తెచ్చుకుంటే పెట్టుకోనివ్వు. నమాజుకి చాప అడిగితే ఇవ్వు. మీ ప్రార్థన మీరు ఎప్పటిలాగే హాల్లో చేసుకోండి, పాట పాడుకోండి. వాళ్ళంతట వాళ్ళు వచ్చి కూర్చుంటే సంతోషం, రాకపోతే మర్నాడు పొద్దున నీ మొహంలో తేడా కనపడకూడదు. గుడిలో వాళ్ళ పేర్లు చెప్పి ప్రార్థన చేయించకు. ఫొటో తీసి స్టేటస్ పెట్టావంటే నేనే బస్సెక్కి వస్తాను. వాళ్ళు ఊరి నుంచి నాలుగు సొరకాయలు తెస్తే మాత్రం "ఎందుకండీ ఇవన్నీ" అనకుండా తీసుకుని ఆ పూటే వండి పెట్టు. ఆకుకూర బాగుచేస్తానంటే చేయనివ్వు. అతి మర్యాదతో మనిషిని ఒక మూల కూర్చోబెట్టేయడం మన ఇంట్లో అందరికీ ఉన్న జబ్బు.

మీ ఆయనకి ఇష్టమేనా? నిజంగానా, లేక నీ మాట కాదనలేకనా? అది ఒకటికి రెండుసార్లు అడుగు.

కారప్పొడి, చారుపొడి పంపిస్తున్నాను. అవి మీ కోసం. కీమోతో నోరు పూసినవాళ్ళకి చారు చుక్క కూడా పొయ్యకు, అల్లాడిపోతారు. వాళ్ళకి అన్నం మెత్తగా వండి, పెరుగు పులవకముందే కలిపి పెట్టు. గడియ బిగించాక ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ