టీచరుగారూ, ఓ మాట! – సగం ఎరుపు, సగం నీలం

పోయిన నెల ఒక జవాబులో, వేసవి సెలవులకి వచ్చిన మా మనవడితో కూర్చుని ‘కికైడర్’ అనే జపాను బొమ్మల సీరియల్ పదమూడు భాగాలూ చూశానని ఒక్క ముక్క రాశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. మార్కులు, ట్యూషన్లు, హాస్టళ్ల సంగతి అడిగినవాళ్లకి వచ్చే నెల రాస్తాను. ఈసారికి ఇవి.

*టీచరుగారికి నమస్కారమండి. మావాడు ఎనిమిదో తరగతి. మీరు రాసిన దగ్గర్నుంచి ఆ కికైడర్ పెట్టుకుని కూర్చుంటున్నాడు. నేనూ రెండు భాగాలు చూశానండి. అంతా చీకటి, దిగులు. హీరో మొహాన నవ్వే లేదు. పిల్లలు చూడదగ్గదేనా? పైగా ‘మనస్సాక్షిని సర్క్యూట్‌లో పెట్టొచ్చా అమ్మా’ అని నన్నడుగుతున్నాడు. నేనేం చెప్పనండి? – ఓ తల్లి, రావులపాలెం*

అమ్మా, మీరు రెండు భాగాలే చూశారు గనక ముందు కథ చెప్తాను. కోమ్యోజి అని ఒక శాస్త్రవేత్త. ప్రొఫెసర్ గిల్ అనేవాడికి మరమనుషులు కావాలి, చెప్పింది చెప్పినట్టు చేసే ఆయుధాల్లాగా. కోమ్యోజి మాత్రం గిల్ మాటకి లొంగని మరమనిషిని చేయబోతాడు. వాడే జిరో, ఈ సీరియల్ పేరులోని కికైడర్. జపానువాళ్లు రెండో కొడుక్కి పెట్టుకునే పేరది. వాడి ఒంట్లో మనస్సాక్షి సర్క్యూట్ ఒకటి అమరుస్తాడు. అది పూర్తి కాకముందే ప్రయోగశాల తగలబడిపోతుంది, కోమ్యోజి కనిపించకుండా పోతాడు. కూతురు మిత్సుకో, ఆమె తమ్ముడు మసారు తండ్రిని వెతుక్కుంటూ బయల్దేరతారు. గిటారు భుజాన వేసుకుని జిరో ఊళ్లమ్మట తిరుగుతుంటాడు. గిల్ పంపిన యంత్రాలు వాళ్ల వెంట పడుతుంటాయి.

గిల్ చేతిలో ఆయుధం పిల్లనగ్రోవి. మన చెవులకి పిల్లనగ్రోవి అంటే కృష్ణుడు, గోవులు, యమునాతీరం. అందుకే మొదటిసారి అది వినిపించినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆ పాట వినగానే గిల్ యంత్రాలన్నీ లేచి చెప్పిన పనికి వెళ్లిపోతాయి. జిరో వెళ్లలేడు, ఉండలేడు. సర్క్యూట్ పూర్తయి ఉంటే ఆ పాటని దులిపేసుకుని పోయేవాడు. అసలు లేకపోతే అందరితో పాటు వెళ్లి కూల్చమన్నది కూల్చి వచ్చేవాడు. సగమే ఉంది గనక రెండు చేతులతో తల పట్టుకుని విలవిల్లాడిపోతాడు. మా మనవడు అక్కడ ఫోను ఆపేసి, ‘అమ్మమ్మా, వీడికి మాత్రమే ఎందుకంత నొప్పి?’ అన్నాడు. ముప్పై ఏళ్లు పిల్లలకి సైన్సు చెప్పినదాన్ని, అంత మంచి ప్రశ్న క్లాసులో నన్నెవరూ అడగలేదు.

చీకటి ఉందన్న మాట నిజం. కొట్లాటలున్నాయి, మనసు కష్టపెట్టే చోట్లున్నాయి. ఐదారేళ్ల పిల్లాడైతే వద్దనేదాన్ని. ఎనిమిదో తరగతివాణ్ణి చూడనివ్వండి, పక్కన మీరూ కూర్చోండి. ముఖ్యంగా హకైడర్ అని నల్లటి యంత్రం ఒకటి వస్తుంది. దాని తలలో కోమ్యోజి మెదడే పెట్టారు. ఎదుట నిలబడ్డ హకైడర్‌ని జిరో కొట్టి పడేస్తే తనని చేసిన తండ్రి పోతాడు, ఊరుకుంటే మిగతావాళ్లు పోతారు. అక్కడ మీ అబ్బాయి మీ వైపు చూస్తాడు. మీరు వంటింట్లో ఉండకూడదు.

ఇక మనస్సాక్షిని సర్క్యూట్‌లో పెట్టొచ్చా అన్నది. మీ ఇంట్లో మీటరు పక్కనున్న ఫ్యూజు చూపించండి. కరెంటు ఎక్కువైతే తీగ కరిగి తెగిపోతుంది, ఇల్లు కాలకుండా ఆపుతుంది. మేడ మీద ట్యాంకులో బంతి పైకి తేలితే నీళ్లు ఆగుతాయి. రెండూ ఆపుతాయి గానీ ఆపే ముందు తటపటాయించవు, ఆపాక బాధపడవు. ఇంకో దారి లేదు వాటికి. జిరోకి ఉంది. ఆ తేడా మీ అబ్బాయితో చెప్పి, ఇంట్లో ఇంకా ఏమేం ఇలా వాటంతటవి ఆగుతాయో లెక్కపెట్టమనండి. ప్రెషర్ కుక్కర్ దాకా వచ్చేసరికి మీకే ఇంకో పది ప్రశ్నలు వేస్తాడు.

*మేడం, నేను బొమ్మలు నేర్చుకుంటున్నాను. ఆ సీరియల్ 2000లో తీశారట. గీత చూస్తే మా నాన్నగారి చిన్నప్పటిదిలా ఉంది. కంప్యూటర్లు వచ్చాక కూడా అంత పాతగా ఎందుకు గీశారు? – పాలకొల్లు*

చాలా సంతోషం బాబూ, గీత చూసేవాళ్లు తక్కువ.

ఆ బొమ్మలు ఇషినోమోరి షోతారోవి. 1938లో పుట్టాడు. కుర్రతనంలో, అక్కడి బొమ్మల కథలకి పెద్దదిక్కులాంటి ఒసాము తెజుకా దగ్గర బొమ్మలకి సాయం చేశాడు. లక్షా ఇరవై ఎనిమిది వేల పేజీలకు పైగా బొమ్మల కథలు గీశాడని గిన్నిస్ పుస్తకంలో ఉంది. కికైడర్ కథ 1972లో మొదలుపెట్టాడు. అదే ఏడు అక్కడి టీవీలో మనుషులు యంత్రాల వేషం కట్టిన సీరియల్ కూడా వచ్చింది. ఆయన 1998 జనవరిలో పోయాడు. ఆ తర్వాత రెండేళ్లకి ఈ బొమ్మల సీరియల్ తీసినవాళ్లు వేషాల సీరియల్ జోలికి పోకుండా ఆయన కాగితం మీది గీత దగ్గరికే తిరిగి వెళ్లారు. ఆ గుండ్రటి కళ్లు, ఎగిరే జుట్టు, పలచని ఒళ్లు అలాగే ఉంచారు. నువ్వు నరసాపురం పక్కవాడివి. అక్కడ పుట్టిన బాపుగారి గీతని ఇవాళ ఎవరైనా కదిలించాలనుకుంటే ఆ ముక్కు, ఆ జడ మార్చనిస్తావా? మారిస్తే అది బాపు బొమ్మ అవుతుందా?

ఇంకో సంగతి. జిరో అసలు రూపంలో ఒంట్లో సగం ఎరుపు, సగం నీలం. రెండు పక్కలూ ఒకదానికొకటి పొంతన ఉండవు. తలలో ఒక పక్క గాజుమూతలా ఉండి లోపలి యంత్రం కనిపిస్తుంది. అది చూడగానే నాకు సామర్లకోట దగ్గర మాధవపట్నం తోలుబొమ్మలు గుర్తొచ్చాయి. మేకతోలుని వెలుతురు దూరేదాకా పలచగా గీకి రంగు వేస్తారు. వెనక దీపం పెడితే ఎరుపు ఎరుపుగా, నీలం నీలంగా మండుతుంది. కీళ్ల దగ్గర కట్టిన దారం ముడులు, వెనక పట్టుకున్న పుల్ల నీడ కూడా తెర మీద తెలుస్తాయి. చిన్నప్పుడు నేను కథ వదిలేసి ఆ ముడులే చూస్తూ కూర్చునేదాన్ని. ఒకసారి మాధవపట్నం వెళ్లి ఒక్క బొమ్మని చేత్తో పట్టుకుని, సూర్యుడికి అడ్డంగా పెట్టి చూడు. ఆ తర్వాత జిరోని గియ్యి.

*టీచర్, పదమూడు అయిపోయాయి. తర్వాతేం చూడాలి? – కాకినాడ*

2001లో వచ్చిన నాలుగు భాగాల కొనసాగింపు ఉంది, ‘కికైడర్ 01’. అందులో జిరోకి అన్న, ఇచిరో వస్తాడు. దానికి ముందు చూడకు, తర్వాతే చూడు. ఇషినోమోరి కథ పినోకియోతో మొదలై పినోకియోతోనే ముగుస్తుంది. కొయ్యబొమ్మ మనిషయ్యాడు సరే, సుఖపడ్డాడా అని అడుగుతుంది. అంతకన్నా చెప్పను.

*టీచరుగారూ, నాది భీమవరం దగ్గర. పేరు వెయ్యకండి. డిగ్రీ మధ్యలో మానేసి రొయ్యల చెరువుల మీద పనిచేస్తున్నాను. రాత్రిళ్లు చెరువు నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్లు చూసుకుంటూ ఫోనులో కికైడర్ చూశాను. పోయిన వారం ఒక చెరువుకి తెల్లమచ్చ తెగులు తగిలింది. సరుకంతా తేలిపోయింది. నీళ్లు రాత్రికి రాత్రి కాలువలోకి వదిలెయ్యమన్నారు మా యజమాని. వదిలేశానండి. ఆ కాలువ కింద వేరేవాళ్ల చెరువులు నాలుగున్నాయి, ఓ ఊరి మంచినీళ్ల చెరువుంది. రెండో చెరువులో కూడా రొయ్య గట్టుకి వస్తోంది. మళ్లీ చెప్తారు. పని పోతే ఇంట్లో జరగదు. జిరోకి సర్క్యూట్ ఉంది. నాకేముంది టీచరుగారూ?*

బాబూ, నీ ఉత్తరం అందిన రోజే నీకు ఫోను చేశాను. అప్పుడు చెప్పని ఒక సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న కాలువ లస్కరు. అమలాపురం దిగువన ఓ పంటకాలువ మీద ఐదు తూములు ఆయన చేతిలో ఉండేవి. ధవళేశ్వరంలో ఆనకట్ట 1852లో పూర్తయిందని, కాటన్ దొర పుణ్యమా అని డెల్టా పండుతోందని పిల్లలకి నేనే పాఠం చెప్పాను. కానీ అక్కణ్ణుంచి వచ్చిన నీళ్లు కాలువ చివర శివారు మడికి చేరతాయా లేదా అన్నది మొలతాడుకి తాళంచెవి కట్టుకున్న మా నాన్నలాంటి వాళ్ల చేతిలో ఉండేది.

దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లు వంతులు కదా. నాకు తొమ్మిదో ఏడు. ఆ వంతు శివారువాళ్లది. ఒక రాత్రి ఎగువ పెద్దరైతు ఒకాయన టార్చిలైటు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. గట్టిగా ఒక్క మాట అనలేదు. అరుగు మీద కూర్చుని, మా చెల్లి జ్వరం ఎలా ఉందని అడిగాడు, ఉంటున్న ఇల్లు ఎవరిదని అడిగాడు. ఆయన లేచి వెళ్లాక నాన్న కాసేపు అలాగే కూర్చుని, చొక్కా వేసుకుని వెళ్లి పై తూము తీసేశాడు. రెండు రాత్రులు అలాగే.

మూడో రోజు పొద్దున్నే నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని శివారుకి తీసుకెళ్లాడు. ఎందుకో చెప్పలేదు. వరి పొట్ట మీద ఉంది. మడి నెర్రెలిచ్చింది. నాన్న గట్టు దిగి, వంగి, ఒక నెర్రెలో వేలు పెట్టాడు. రెండో కణుపు దాకా దిగిపోయింది. వేళ్ల మీద షట్టరు మరకి పూసే గ్రీజు ఇంకా నల్లగా ఉంది. దాని మీద పొలం మట్టి అంటుకుంది. ఇంతలో ఆ పొలం రైతు వచ్చాడు. ‘మీరేం చేస్తారండి లస్కరుగారూ, పైనుంచే రాపోతే’ అని, చెట్టెక్కి బొండం దింపి, చెక్కి నాన్న చేతిలో పెట్టాడు. నాన్న అది నా చేతికిచ్చేశాడు. నేను తాగేశాను. నాకు దాహంగా ఉంది.

అప్పుడన్నాడు, ‘పై తూము నేనే తీశానండి’ అని.

ఆ రైతు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కత్తి తుడుచుకుంటూ ‘అయితే ఇవాళైనా కట్టండి’ అన్నాడు. అంతే. నాన్న వెళ్లి కట్టేశాడు. కోతలు కాకముందే ఆయన్ని ఇంకో కాలువకి మార్చేశారు. మేం ఆ ఇల్లు వదిలేశాం, నేను బడి మారాను, అమ్మ చాలా ఏళ్లు ఆ ఊరి పేరెత్తితే ఏడ్చేది. ఖరీదు లేదని నీకు అబద్ధం చెప్పను.

నాకేముంది అని అడిగావు. వారం దాటాక కూడా నీకు నిద్ర పట్టనివ్వకుండా ఉత్తరం రాయించింది చూడు, అది ఉంది. జిరో దగ్గర ఉన్నదీ అంతే. ఒకసారి పాటకి లొంగావు. అయినా నొప్పి పోలేదు. మా నాన్న కూడా ముందు తూము తీశాడు, తర్వాతే కట్టాడు.

ఇక చెయ్యాల్సినవి, ఫోనులో చెప్పినవే మళ్లీ. రెండో చెరువు తూము కట్టే ఉంచు. చచ్చిన రొయ్య ఏరి సున్నం చల్లి పూడ్చాలి, కాకులు ఎత్తుకుపోనివ్వకూడదు. నీళ్లలో బ్లీచింగు కొట్టి వారం రోజులైనా నిలవుంచాకే బయటికి పోవాలి. మీ యజమానితో ధర్మం గురించి మాట్లాడకు, లెక్క మాట్లాడు. ఆయన మిగతా చెరువులకి నీళ్లు తోడేదీ ఆ కాలువలోంచే. వదిలిన తెగులు తిరిగి ఆయన మోటారులోంచే వస్తుంది. బ్లీచింగు బస్తాల ఖరీదు, ఒక చెరువు సరుకు ఖరీదు పక్కపక్కన రాసి చూపించు. దిగువ నాలుగు చెరువుల వాళ్లకి నీళ్లు తోడొద్దని కబురు పెట్టమన్నాను, పెట్టానన్నావు. మంచినీళ్ల చెరువు సంగతి పంచాయతీలో చెప్పడానికి భయంగా ఉందన్నావు. నాకు ఊరి పేరు తెలుసు గనక అది నేను చెప్పాను. నీ పేరు రాలేదు. తెల్లమచ్చ అని మీ గ్రామ మత్స్య సహాయకుడికి తెలియజేయడం మాత్రం నీ పని, అది ఇంకా మిగిలి ఉంది.

రెండో చెరువు ఏమైందో రాయి. ఈసారీ పేరు వెయ్యను.