ఫోన్ వదలని పిల్లలకు ఫిలాసఫీ చెప్పగలదా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి చరిత్ర, రాజనీతిశాస్త్రాలతో బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. ఎంఏ ఫిలాసఫీ చేసి పిల్లలకు తత్వశాస్త్రం చెబుతానంటోంది. ఫోన్ వదలని పిల్లలు అవన్నీ వింటారా? ఉద్యోగం వస్తుందా? మాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి

జవాబు: ఉద్యోగం గురించి మీ భయం నిజమేనండీ. ఫిలాసఫీ లెక్చరర్ పోస్టులు చాలా తక్కువ. మన స్కూళ్లలో అది విడి సబ్జెక్టు కూడా కాదు. అందుకే ఎంఏ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. చరిత్ర చదివింది కాబట్టి సోషల్ మెథడాలజీతో బీఈడీ కూడా చేయించండి. సోషల్ టీచరుగా క్లాసులోకి వెళ్లినా తను చెప్పాలనుకున్నది చెప్పుకోవచ్చు.

పిల్లలు వినరంటే మాత్రం ఒప్పుకోను. ‘రేపు వైజాగ్‌కు సునామీ’ అని ఒక ఫార్వర్డ్ వచ్చిందనుకోండి. ఎనిమిదో తరగతి పిల్లాడు హడలిపోతాడు. మన ప్రాచీన తర్కశాస్త్ర గ్రంథం ‘న్యాయసూత్రాలు’ జ్ఞానానికి నాలుగు ప్రమాణాలు, అంటే తెలుసుకునే దారులు చెబుతుంది: ప్రత్యక్షం (స్వయంగా చూడటం), అనుమానం (గుర్తును బట్టి నిర్ధారించుకోవడం), ఉపమానం (పోలిక), శబ్దం. శబ్దమంటే ఆప్తుడి మాట. విషయం తెలిసి, ఉన్నదున్నట్టు చెప్పేవాడే ఆప్తుడు. ‘మరి ఈ మెసేజ్ రాసిన ఆప్తుడెవర్రా?’ అని అడిగి చూడమనండి. క్లాసంతా లేచి కూర్చుంటుంది. ఏఐ రాసిచ్చిన వ్యాసం కింద నా పేరు పెట్టుకోవచ్చా అని అడిగితే గంట చాలదు. నిర్వచనాలు బట్టీ పట్టిస్తేనే వాళ్లకు విసుగు.

అమెరికాలో ఫిలాసఫీ ప్రొఫెసర్ మాథ్యూ లిప్‌మన్ 1970ల్లోనే పిల్లల కోసం ఫిలాసఫీ పాఠాలు తయారుచేశారు. కథ చదివించి, గుండ్రంగా కూర్చోబెట్టి, ప్రశ్నలు పిల్లల చేతే వేయించే పద్ధతి. మీ అమ్మాయి దాన్ని శ్రద్ధగా నేర్చుకోవాలి.

ఎంఏకి ఊరు దాటక్కర్లేదు. రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా వీసీగా ఉన్న, తత్వవేత్త కొత్త సచ్చిదానంద మూర్తి పాఠాలు చెప్పిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే ఫిలాసఫీ శాఖ ఉంది. సీట్లు, ఫీజు అక్కడే కనుక్కోండి. కాలేజీలో చెప్పాలంటే యూజీసీ నెట్ (లెక్చరర్ ఉద్యోగాలకు జాతీయ అర్హత పరీక్ష) ముఖ్యం. ఎంఏలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్), దివ్యాంగుల వంటి వర్గాలకైతే 50 శాతం మార్కులు కావాలి. పరీక్ష 150 ప్రశ్నలు, 300 మార్కులు, 3 గంటలు. చాలామంది మన పిల్లలు దెబ్బతినేది ఇంకోచోట: ఫిలాసఫీ పేపరు ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. క్లాసులో తెలుగులో విన్నా, మొదటి ఏడాది నుంచే ఇంగ్లిష్ పుస్తకాలు చదవాలి.

అప్లికేషన్ పెట్టేలోపు ఒక పని చేయించండి. మీ వీధి పిల్లల్ని ఏడెనిమిది మందిని నాలుగు ఆదివారాలు కూర్చోబెట్టుకుని మాట్లాడమనండి. నాలుగో వారం ఎంతమంది మళ్లీ వచ్చారో లెక్కపెట్టండి. ఒక వారం మీరూ వెనక కూర్చుని వినండి.